కింది అంతస్తులు, కాలిబాట
ప్రశ్న: మారతహళ్లిలో మా వీధి మొదట్లో ఇరవై అంతస్తుల అపార్ట్‌మెంటు లేచింది. కింది మూడంతస్తులూ కార్లకే కేటాయించి, రోడ్డు వైపు పొడవాటి గోడ కట్టారు. చీకటి పడ్డాక అటు నడవాలంటే బెరుకుగా ఉంటోంది. ఇలా కట్టక తప్పదా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ఫ్లాట్ల సంఖ్యను బట్టి కార్లకు స్థలాన్ని ఆవరణలోనే చూపాలన్నది నిబంధన. సెల్లార్ తవ్వితే బెంగళూరులో చాలాచోట్ల రాయి తగిలి ఖర్చు పెరుగుతుంది కనుక, బిల్డర్లు కార్లను కింది అంతస్తులకు ఎక్కిస్తారు. అగ్నిమాపక శకటం తిరగడానికి చుట్టూ ఖాళీ వదలడాన్ని తప్పుపట్టలేం. తప్పల్లా ఆ ఖాళీకీ కాలిబాటకీ మధ్య నిలువెత్తు గోడ లేపడంలోనే ఉంది.

ఎంజీ రోడ్డులో 1970ల నాటి పబ్లిక్ యుటిలిటీ బిల్డింగ్‌నే చూడండి. అది అందమైన కట్టడమని నేననను గాని, పైన కార్యాలయాలున్నా కింద దుకాణాలు ఉండటంవల్ల దారిన పోయేవారికీ అందులో అడుగుపెట్టే అవకాశం దొరికింది. మీ భవనంలోనూ రోడ్డు వైపు పది పన్నెండు అడుగుల లోతున ఒక్క వరుసను మందుల దుకాణానికో, టిఫిన్ సెంటరుకో, ఇస్త్రీ చేసేవారికో ఇచ్చి, కార్లను దాని వెనక్కి జరిపి ఉంటే సరిపోయేది. ఇప్పుడైనా అక్కడి సంఘంవారితో మాట్లాడి, గోడను నడుమెత్తుకు తగ్గించి పైన ఇనుప కడ్డీలు పెట్టమనీ, ఒకటి రెండు దీపాలను కాలిబాట వైపు తిప్పమనీ అడగండి.