బాట మూసిండ్రు, అన్న పగ పట్టిండు

ప్రశ్న: మిర్యాలగూడలో మా అన్నకు వెల్డింగ్ షాపు ఉంది. షాపు వెనుక ట్రాలీలు వచ్చిపోయే బాటను పక్క గోదాము వాళ్లు పోయిన ఎండాకాలం గోడ కట్టి మూసేసిండ్రు. మా నాయన కాలం నుంచి ఉన్న బాట అది. అడగబోతే నలుగురిలో ‘ఏం చేసుకుంటవో చేసుకో పో’ అన్నరు. నెల తిరగకముందే మోరీ నీళ్లు రోడ్డు మీదికి వదులుతున్నరని మున్సిపాలిటీ నోటీసు మాకే వచ్చింది. ఇప్పుడు అన్న వకీలు దగ్గరికి పోవుడు మానేసిండు, షాపు అమ్ముతనంటున్నడు. అమెరికాలో ఒకాయన బుల్‌డోజర్‌తో ఊరిని కూల్చిన వీడియో రాత్రిళ్లు చూస్తున్నడు. నిన్న ‘ఒక్క జేసీబీ చాలు’ అన్నడు. మేం ఏం చేయాలె?
— ఒక చెల్లెలు, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, కోపంలో అన్న మాటేలే అని వదిలేయకండి. అరిచే మనిషి ఇంకా న్యాయం అడుగుతున్నట్టే. వకీలును వదిలేసి, ఉన్నది అమ్మకానికి పెట్టి, చప్పుడు చేయకుండా ఉన్నాడంటే అడగడమే మానేశాడన్నమాట. భయపడాల్సింది అప్పుడే.

మీ అన్న చూస్తున్నది 2004 జూన్ 4న కొలరాడో రాష్ట్రంలోని గ్రాన్‌బీలో జరిగింది. మార్విన్ హీమేయర్‌ది సైలెన్సర్లు బాగుచేసే షాపు. పక్కన కాంక్రీటు ప్లాంటుకు అనుమతి ఇచ్చారని, మురుగు కనెక్షన్ లేదని తనకు జరిమానా వేశారని ఊరి మీద కక్ష కట్టాడు. బుల్‌డోజర్‌తో 13 కట్టడాలు కూల్చి, చివరికి తనను తానే కాల్చుకున్నాడు. వీడియోలు గట్టిగా చెప్పని సంగతులు రెండున్నాయి. అంతకుముందు ఏడాదే ఆయన తన స్థలాన్ని మంచి ధరకు అమ్ముకున్నాడు, సొమ్ము చేతికొచ్చినా కక్ష తీరలేదు. ఇక మాజీ మేయరు మీద కోపంతో కూల్చిన ఇంట్లో ఉంటున్నది ఆ మేయరు భార్య, అప్పటికే ఆయన చనిపోయాడు. అందుకే బాట గొడవను ఒక దారిలో, నలుగురిలో పడిన మాటను ఇంకో దారిలో తేల్చుకోవాలి. రెండూ కలిపితే ఏదీ తెగదు.

ముందు బాట సంగతి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మీ దస్తావేజుకే కాదు, గోదాము స్థలం ఇంతకుముందు చేతులు మారినప్పటి పాత లింకు దస్తావేజులకూ సర్టిఫైడ్ నకళ్లు తీయండి. ‘హద్దులు’ రాసిన చోట మీ వైపున ‘బాట’ అని ఒక్క ముక్క ఉంటే అది పదిమంది సాక్షుల పెట్టు. ఎన్ని అడుగులో కూడా రాసి ఉంటే ఇంకా మేలు. మున్సిపాలిటీకి 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, గోదాముకు ఆమోదించిన ప్లాన్ నకలు, తనిఖీ నివేదిక అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే మొదటి అప్పీలు వేయండి.

బాట వాడకం హక్కుకు 20 ఏండ్లు అడ్డు లేకుండా వాడినట్టు చూపాలి. ఆ 20 ఏండ్లు దావా వేయడానికి ముందు రెండేళ్లలోపు ముగిసినవై ఉండాలి. అంటే గోడ లేచిన రోజు నుంచి రెండేళ్ల గడువు నడుస్తోంది. చాలామంది పెద్దమనుషుల చుట్టూ తిరిగి ఈ గడువే పోగొట్టుకుంటారు. దావాతోపాటే, తీర్పు వచ్చేదాకా బాటకు అడ్డు పెట్టొద్దనే తాత్కాలిక ఇంజంక్షన్‌కూ, కొలతలకు కోర్టు పంపే వకీలును, అంటే అడ్వకేట్ కమిషనర్‌ను వేయమనీ పిటిషన్లు వేయించండి.

నోటీసుకు గడువులోపే రాతపూర్వకంగా జవాబిచ్చి, అది అందినట్టు ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. నోటి మాట లెక్కకు రాదు. మోరీ కనెక్షన్ నిజంగానే లేకపోతే ముందు అది పెట్టించేయండి. అవతలివాళ్ల చేతికి మనమే ఆధారం ఇవ్వొద్దు.

ఇక అవమానం. కోర్టులో డిక్రీ (తీర్పు ఉత్తర్వు) వస్తుంది గాని ఆ మాట వెనక్కి రాదు. దానికి రాజీతో తగాదాలు తేల్చే లోక్ అదాలత్ నయం. మిర్యాలగూడ కోర్టు ఆవరణలోని న్యాయసేవా కమిటీకి తెల్లకాగితం మీద దరఖాస్తు ఇస్తే చాలు, దావా వేయకముందే ఇద్దరినీ పిలుస్తారు. ‘నలుగురిలో అలా అనడం తప్పే’ అన్న వాక్యాన్ని రాజీ షరతుల్లో రాయించమని అడగండి. అక్కడి రాజీ తీర్పు (అవార్డు) కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి.

జేసీబీ మాటకొస్తే, లక్షకు మించిన ఆస్తి నష్టానికి భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం) 324వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష. సరుకు దాచే గోదాముకు నిప్పు పెడితే 326 కింద యావజ్జీవం దాకా వెళ్తుంది. జేసీబీ డ్రైవరూ ముద్దాయి అవుతాడు. అన్నిటికంటే, ఇంజంక్షన్ అడిగే మనిషి నడత కోర్టు చూస్తుంది. ఆ ఒక్క రాత్రితో బాట మీద రావాల్సిన ఇంజంక్షన్ కూడా చేజారొచ్చు.

ఇంట్లో ఎవరూ ‘చేతగాకనే కదా’ అనకండి. సమాధానపరచబోతూ ‘పోనీలే’ అని కూడా అనకండి, ఆయనకు అది పోయేది కాదు. ‘నిన్ను అనడం అన్యాయమే, కాగితాలు నేను తెస్తా, నువ్వు సంతకం పెట్టు’ అనండి. నిద్ర లేకపోయినా, చావు మాట వచ్చినా మానసిక సహాయ లైన్ టెలీమానస్ 14416కు మీరే ఫోన్ కలిపి ఇవ్వండి. రోజు, మనిషి పేరు చెప్పే దాకా వస్తే 112కు చెప్పడం అన్నకు ద్రోహం కాదు.

ప్రశ్న: పాత తగాదా మనసులో పెట్టుకుని మా గడ్డివామును రాత్రి తగలబెట్టిండ్రు. మా పిల్లలు వాళ్ల డ్రిప్పు పైపులు కోస్తమంటున్నరు.
— ఒక రైతు, అచ్చంపేట

జవాబు: కోసిన మరునాడే మీ మీద కౌంటర్ కేసు పడుతుంది. రెండు కేసులూ కలిపి రాజీ పడమంటారు, నిప్పు పెట్టిన నేరం అక్కడే మాసిపోతుంది. గడ్డివాముకు నిప్పు పెట్టినందుకు ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. బూడిద ఎత్తకముందే ఫొటోలు తీయండి. ఫైర్ ఇంజన్ వచ్చి ఉంటే వాళ్ల నివేదిక నకలు అడగండి. ఎన్ని ట్రాక్టర్ల గడ్డి, ధర ప్రకారం ఎంతో రాయండి. కళ్లారా చూడకపోతే ఫిర్యాదులో ‘ఫలానా వాళ్లే’ అనకుండా ‘ఫలానా కారణంగా అనుమానం’ అని రాయండి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. కేసు కట్టకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గర పిటిషన్ వేయండి. పోస్టు రసీదు భద్రంగా ఉంచుకోండి.