రికర్షన్ చెప్పేటప్పుడు ఫ్యాక్టోరియల్‌తో మొదలుపెట్టకండి

సెకండియర్ సీఎస్‌ఈ పిల్లలకు రికర్షన్ ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కడం లేదు, ఏం చేయాలని అడిగారు. నేను కావలి దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో డేటా స్ట్రక్చర్స్ చెబుతాను. రికర్షన్ అంటే ఫంక్షన్ (ఒక పని చేసిపెట్టే ప్రోగ్రాం ముక్క) తనను తానే పిలుచుకోవడం. నేను చూసినంతలో పిల్లలు తడబడేది అక్కడ కాదు, ఆ ముక్క అందరికీ నోటికొచ్చు, వైవాలో గడగడా అప్పజెప్పేస్తారు. పిలిచాక మళ్లీ వెనక్కి రావాలనీ, వచ్చాక మిగిలిన పని పూర్తిచేయాలనీ వాళ్లకు తట్టదు.

ఫ్యాక్టోరియల్‌ది (4కి అయితే 4×3×2×1) వేరే ఇబ్బంది. లూప్‌తో (అదే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్) మూడు లైన్లలో అయిపోయేదానికి ఈ తిప్పలెందుకని మనసులో అనుకుంటారు, వాళ్లు అనుకునేదీ నిజమే.

అందుకని నేను బోర్డు మీద వేరేది రాస్తాను. ఎన్ సున్నా అయితే రిటర్న్, లేదంటే ఎన్‌ని ప్రింట్ చేసి, ఎన్ మైనస్ 1తో అదే ఫంక్షన్‌కి కాల్, అంతే. 3 ఇస్తే 3 2 1 వస్తుందని ఎవరైనా చెబుతారు. ఇప్పుడు ఆ ప్రింట్ లైన్‌ని కాల్ కిందికి జరిపి, ఏమొస్తుందో నోట్సులో రాయమంటాను, పైకి చెప్పొద్దంటాను, ఎందుకంటే ఒకడు చెబితే మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారు. చాలామంది మళ్లీ 3 2 1 అనే రాస్తారు. ల్యాబ్‌లో రన్ చేస్తే 1 2 3. "ఇదేంది సార్, తిరగబడింది?" అంటారు, అప్పుడు చెబితే వింటారు. ప్రింట్‌ని పైనా కిందా రెండు చోట్లా పెట్టించి, 3 2 1 1 2 3 ఎట్టా వచ్చిందో వాళ్ల చేతే చెప్పించండి.

ఆ తర్వాత ఫ్యాక్టోరియల్ చేయొచ్చు. నలుగుర్ని ముందుకు పిలిచి 4, 3, 2, 1 అని రాసిన కాగితాలు తలా ఒకటి ఇవ్వండి. 4 వాడు 3 వాణ్ని అడుగుతాడు, అడగ్గానే తన పని అయిపోయినట్టు బెంచీ వైపు నడుస్తాడు, దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే. "ఎక్కడికి అబ్బయా, జవాబొచ్చాక నాలుగుతో గుణించేదెవరు?" అంటే అందరూ నవ్వుతారు గానీ, కాల్ స్టాక్ (జవాబు కోసం ఆగిన కాల్స్ ఒకదాని మీద ఒకటి పేరుకునే చోటు) అంటే ఏంటో, ఎవరి ఎన్ వాళ్ల దగ్గరే ఎందుకుంటుందో అప్పుడు తెలుస్తుంది. 1, 2, 6, 24 అని జవాబులు వెనక్కి వస్తుంటే, చెప్పినవాణ్ని చెప్పినట్టు కూర్చోనివ్వండి. బేస్ కేస్‌కి (ఇంకెవర్నీ అడక్కుండా జవాబు చెప్పి ఆగాల్సిన చోటు) విడిగా ఉపన్యాసం అక్కర్లేదు, 1 వాణ్ని కూడా పక్కవాణ్ని అడగమనండి చాలు. తర్వాత బేస్ కేస్ తీసేసి సీలో రన్ చేయిస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్‌ని (మెమరీ తప్పుతో ప్రోగ్రాం అర్ధంతరంగా ఆగిపోవడం) కళ్లారా చూస్తారు. పైథాన్ అయితే డిఫాల్ట్‌గా 1000 లోతు దగ్గర తనే ఆపేసి ఎర్రర్ ఇస్తుంది.

లూప్ ఉండగా ఇదెందుకని ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. ఫోల్డర్లో ఫోల్డర్లు, వాటిలో ఇంకా ఫోల్డర్లు, లోతెంతో తెలియదు, మొత్తం సైజు లెక్కెయ్యమనండి. ఒట్టి ఫర్ లూప్‌లతో మొదలెట్టినవాళ్లు ఎన్ని లూప్‌లు రాయాలో తెలీక ఆగిపోతారు.

ఫిబొనాచీ (ప్రతి సంఖ్యా దాని ముందు రెండింటి మొత్తం) ఆ తర్వాతే. బేస్ కేసులు 0, 1 పెట్టుకుంటే 5కి 15 కాల్స్, అందులో 2కి జవాబు మూడుసార్లు లెక్కేస్తుంది. అదే 30కి అయితే 26,92,537 కాల్స్! ఒక కౌంటర్ పెట్టించి వాళ్లనే చూడమనండి, మెమొయిజేషన్ (ఒకసారి లెక్కేసిన జవాబును దాచుకుని మళ్లీ వాడటం) ఎందుకో వాళ్లే అడుగుతారు. హనోయ్ టవర్స్ (బిళ్లల్ని ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి మార్చే పజిల్) పరీక్షలో వస్తుంది కాబట్టి వదల్లేం, కానీ ఇవన్నీ అయ్యేదాకా దాని జోలికి పోకండి.