గ్రేడింగ్ షెడ్‌లో దొరికే ప్రాజెక్టు

టంగుటూరు దగ్గర నుంచి ఒక తండ్రి రాశారు: “మాది పొగాకు సాగు, ఆకును వేడితో ఆరబెట్టే సొంత బ్యారన్ ఉంది. అమ్మాయి ఒంగోలులో బీటెక్ కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది. ఫోటో చూసి అందులో ఉన్నదేమిటో కంప్యూటర్ చేత చెప్పించే చదువు చదువుతానంటోంది. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ ఆరు నెలల కోర్సుకు లక్షన్నర అడుగుతోంది, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఇది ఆవు, ఇది గొర్రె అని చెప్పడం కూడా ఒక చదువేనా? డబ్బు కట్టమంటారా?”

ఇప్పుడు కట్టొద్దండి. చదువు మాత్రం మంచిదే, మాన్పించకండి.

మీరన్న గొర్రె సంగతే చూద్దాం. నెల్లూరు జాతిలో మూడు రకాలున్నాయి. ఒళ్లంతా తెలుపైతే పల్లా, తెలుపు మీద మూతి దగ్గర, కళ్ల చుట్టూ నల్ల మచ్చలుంటే జోడిపి, గోధుమ రంగైతే దొర. మనిషికి ఇంత చెబితే చాలు. కంప్యూటర్‌కు ఫోటో అంటే ఉత్త అంకెల పట్టిక, ఒక్కో చుక్కలో ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత అన్న లెక్క. పల్లా బురదలో పొర్లినా, జోడిపి తల పక్కకు తిప్పినా ఆ అంకెలన్నీ మారిపోతాయి. అందుకే రూల్స్ రాసిచ్చి నేర్పుదామన్న ప్రయత్నాలు దశాబ్దాల తరబడి ఎక్కువ దూరం పోలేదు.

ఉదాహరణలు చూపించి నేర్పడం మొదలుపెట్టాక పని సాగింది. 2003లో అమెరికాలోని కాల్‌టెక్ యూనివర్సిటీలో 101 రకాల వస్తువుల ఫోటోలు పోగేశారు, అన్నీ కలిపి తొమ్మిది వేల పైచిలుకు. ఆ పనిలో ఉన్న ఫెయ్-ఫెయ్ లీ తర్వాత ఇమేజ్‌నెట్ మొదలుపెట్టారు. 2009లో బయటికొచ్చిన ఆ సేకరణ చివరికి కోటీ నలభై లక్షల ఫోటోలకు చేరింది. ఏ ఫోటోలో ఏముందో ఇంటర్నెట్‌లో కూలి ఇచ్చి వేలమంది చేత గుర్తు పెట్టించారు. అందులోంచి 1000 రకాలు, సుమారు 12 లక్షల ఫోటోలు తీసి ఏటా పోటీ పెట్టేవారు. ఒక్కో ఫోటోకు ఐదు జవాబులు చెప్పొచ్చు, ఐదూ తప్పితేనే తప్పు. 2012లో టొరంటో యూనివర్సిటీ బృందం 15.3 శాతం తప్పులతో గెలిచింది, రెండో స్థానం వాళ్లవి 26.2 శాతం. ఆ బృందంలోని జెఫ్రీ హింటన్‌కు 2024లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. వాళ్లు వాడిన న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతి, అంటే ఉదాహరణలు చూసి తనలోని అంకెలను తనే సర్దుకునే లెక్కల వల, 1980ల నుంచీ ఉన్నదే. సరిపడా ఫోటోలు, అంత లెక్కను మోయగల గ్రాఫిక్స్ చిప్‌లు అప్పటికి దొరికాయి, అంతే.

ఇన్‌స్టిట్యూట్‌ల తంతు వేరు. ప్రోగ్రాం రాయడం వరకే నేర్పుతారు, అదీ అందరూ వాడే కుక్కల, పిల్లుల ఫోటోల మీద. ఆ ప్రోగ్రాం ఇప్పుడు పాతిక లైన్లలో అయిపోతుంది. కష్టమంతా రకాలు ఎలా విడగొట్టాలి, ఫోటోలు ఎలా తీయాలి, వచ్చిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలి అన్న దగ్గరుంది. అది నేర్చుకోవడానికి మీ ఇల్లే మంచి చోటు.

అమ్మాయిని నాణ్యతను బట్టి మీరు విడగొట్టే బ్రైట్, మీడియం, లో గ్రేడ్ ఆకులను ఫోన్‌తో ఫోటోలు తీయమనండి. గ్రేడుకు మూడు నాలుగు వందలుంటే మొదలుపెట్టడానికి చాలు, ఎందుకంటే ఇమేజ్‌నెట్ మీద ముందే నేర్చుకున్న నెట్‌వర్క్‌లు ఉచితంగా దొరుకుతాయి, వాటికి మన ఆకులు మాత్రం కొత్తగా నేర్పితే సరిపోతుంది. ఒక చిక్కుంది. బ్రైట్ ఆకులన్నీ పొద్దున ఆరుబయట, లో గ్రేడ్ అంతా షెడ్‌లో బల్బు కింద తీసిందనుకోండి, కంప్యూటర్ ఆకును వదిలేసి వెలుతురును నేర్చుకుంటుంది. మార్కులు మాత్రం బ్రహ్మాండంగా వస్తాయి! కాబట్టి మూడు గ్రేడులూ అన్ని చోట్లా, అన్ని వేళల్లో తీయాలి. నేర్పడానికి మీ బ్యారన్ ఆకు వాడితే, పరీక్షించడానికి పక్క రైతు బ్యారన్ ఆకు వాడాలి. ఒకే ఆకు రెండు ఫోటోల్లో ఒకటి నేర్పేదాంట్లో, ఒకటి పరీక్షలో పడితే ప్రశ్నపత్రం ముందే చూసిన పిల్లాడికి వంద మార్కులు వచ్చినట్టే.

ఇంకో పని ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది. గ్రేడింగ్‌లో చేయి తిరిగిన ఇద్దరు ఆడవాళ్లకు అవే ఆకులు విడివిడిగా ఇచ్చి, ఎవరు ఏ గ్రేడ్ అన్నారో రాసుకోమనండి. కొన్నిటి దగ్గర ఇద్దరూ తేడాగా చెబుతారు. మనుషులకే కుదరని చోట కంప్యూటర్‌కు ఏది సరైన జవాబని నేర్పుతాం? అలాగే వాళ్లు ఆకును చేత్తో పట్టి మందం, మెత్తదనం చూస్తారు, ఫోటోలో అదేదీ రాదు. ఈ లోపాలన్నీ రాసిపెట్టిన నాలుగు పేజీల రిపోర్ట్ ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా గట్టిగా నిలబడుతుంది.

పాఠాలకు డబ్బక్కర్లేదు. కాలేజీలో చెప్పే లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ పాస్ మార్కుల కోసం కాకుండా చదవాలి, అవే దీనికి పునాది. ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల డీప్ లెర్నింగ్ పాఠాలు ఉచితం. ఖరీదైన లాప్‌టాప్ కూడా వద్దు, మామూలు దాన్లోనే గూగుల్ కొలాబ్ (మన ప్రోగ్రాంను గూగుల్ కంప్యూటర్ల మీద నడిపే సైట్) తెరిస్తే మొదట్లో కావలసినంత నడుస్తుంది.

ఇక ఉద్యోగం. బీటెక్ కాగానే నేరుగా ఈ పనే దొరకడం కష్టం. చాలామంది మామూలు సాఫ్ట్‌వేర్‌లో చేరి, తర్వాత ఇటు మారతారు. పరిశోధన వైపు పోవాలంటే ఎంటెక్ చేయడం మంచిది. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి విడిగా పేపర్ ఉంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఈ విషయానికే ప్రత్యేక పరిశోధన కేంద్రం ఉంది. ఫోటోల మీద డబ్బాలు గీసి పేర్లు పెట్టే పనినీ ఈ మధ్య ఏఐ ఉద్యోగమనే అంటున్నారు. తప్పేం లేదు, కానీ దానికి బీటెక్ ఎందుకు? గ్యారంటీ ఇచ్చే ఉద్యోగం ఇదేనేమో ఆ ఇన్‌స్టిట్యూట్‌ను అడగండి. ఏ పని, ఎంత జీతం, రాకపోతే ఫీజు ఎప్పటిలోగా వెనక్కిస్తారు అన్నవి కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే అక్కడితో మాట ఆపేయండి.

ఫోటోల పని మాత్రం వాయిదా వేయొద్దు. బేళ్లు వేలానికి వెళ్లిపోతే మళ్లీ ఆకు దొరికేది వచ్చే పంటకే.