పంచాయతీ అనుమతి ఉంటే విమానాశ్రయం ఎన్‌ఓసీ ఎందుకు?

ప్రశ్న: మాది కడప విమానాశ్రయానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లె. మా మిద్దె మీద ఇంకో రెండు అంతస్తులు వేయాలని పంచాయతీ అనుమతి తీసుకున్నాం. విమానాశ్రయం ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కూడా కావాలని ఇంజనీరు అంటున్నాడు, అవన్నీ పెద్ద అపార్ట్‌మెంట్లకేనని మేస్త్రీ అంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఇంటి ముందు మా తాత నాటిన కొబ్బరి చెట్టుంది, దాన్ని కూడా కొట్టేయమంటారా?

జవాబు: ఇంజనీరు మాట వినండి. ఎన్‌ఓసీ చేతికొచ్చే దాకా స్లాబు జోలికి పోవద్దు. పంచాయతీ చూసేది మీ ప్లాను. విమానాశ్రయం చుట్టూ 20 కిలోమీటర్ల లోపు కట్టడాల ఎత్తు తేల్చే అధికారం కేంద్రానిది. 1934 నాటి విమానాల చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది, ఆ అధికారం మాత్రం అలాగే ఉంది. వివరాలు 2015 ఎత్తు నియమాల్లో ఉన్నాయి. ఎన్‌ఓసీ ఇచ్చేది ఏఏఐ, అంటే భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ. ఎక్కడ ఎంత ఎత్తు కట్టవచ్చో రంగుల్లో చూపే ఏఏఐ మ్యాపులో మీ స్థలం ఎర్ర రంగులో పడితే ఒక్క అంతస్తుకైనా ఎన్‌ఓసీ తప్పదు.

చాలామంది దెబ్బతినేది ఎత్తు లెక్క దగ్గర. మేస్త్రీ నేల నుంచి కొలుస్తాడు, ఎన్‌ఓసీలో రాసేది సముద్ర మట్టం నుంచి. పై హద్దు 150 మీటర్లని రాశారనుకోండి. మీ స్థలమే 137 మీటర్ల ఎత్తున ఉంటే మీకు మిగిలేది 13 మీటర్లే. పిట్టగోడ, మెట్ల గది, నీళ్ల ట్యాంకు, యాంటెన్నా, పిడుగు పడకుండా పెట్టే కడ్డీ అన్నీ అందులోనే ఇమడాలి. నా దగ్గరికి వచ్చిన ఒకాయనకు స్లాబు దాకా లెక్క సరిపోయింది. ఇటుక దిమ్మెల మీద ఎక్కించిన నల్ల ట్యాంకు మూత మాత్రం జానెడు హద్దు దాటింది. ట్యాంకు కిందికి దించి, పైపులన్నీ మళ్లీ వేయించుకున్నాడు.

ఇది కాగితాల చాదస్తం కాదు. రెండు ఇంజిన్ల విమానం పైకి లేచేటప్పుడు ఒకటి ఆగిపోతే, రెండో దానితో కిలోమీటరుకు 24 మీటర్లు ఎక్కగలిగితే చాలన్నది కనీస ప్రమాణం. మామూలు రోజున మీ మిద్దె మీదుగా ఎంతో ఎత్తున పోయే విమానం ఆ రోజు ఎంత కిందుగా పోతుందో మీరే లెక్క వేసుకోండి. అందులో ఉండే ప్రాణాలతో పాటు మీ ఇంట్లోవాళ్ల ప్రాణాలూ ముడిపడి ఉన్నాయి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. స్థలం అక్షాంశ రేఖాంశాలు, సముద్ర మట్టం నుంచి ఎత్తు సర్వేయరుతో కొలిపించి జతపరచండి. ఈ అంకె తప్పు పడితే ఎన్‌ఓసీ ఉన్నా లేనట్టే. ఎన్‌ఓసీ 8 ఏళ్లు చెల్లుతుంది. మరీ తక్కువ ఎత్తు ఇచ్చారనిపిస్తే అప్పీలు కమిటీ ఉంది. కాదని కట్టేస్తే అడ్డంకుల తొలగింపు నియమాల కింద నోటీసులతో మొదలై కలెక్టరు చేత పడగొట్టించే దాకా పోవచ్చు. జైలు, జరిమానా కూడా చట్టంలో ఉన్నాయి.

ఇక కొబ్బరి చెట్టు. చెట్లకూ ఈ హద్దు వర్తిస్తుంది. అయితే మీ అంతట మీరు గొడ్డలి పట్టుకోవద్దు. దాని ఎత్తు కూడా సర్వేయరుతోనే కొలిపించండి, హద్దు లోపల ఉంటే దాని జోలికి ఎవరూ రారు. దాటి ఉండి, కొట్టమని ఆదేశం వస్తే, ఆంక్షలు రాకముందే నాటిన చెట్టుకు పరిహారం అడిగే వీలుంది. దాని వయసు తెలిపే పాత ఫొటోలు ఉంటే భద్రం చేసుకోండి.