మొక్కల ఫోమ్ నిప్పుకు తట్టుకుంటుందా?

ప్రశ్న: గోడల మధ్య, పైకప్పు కింద వేడిని ఆపడానికి వాడే ఫోమ్‌లను ఇప్పుడు మొక్కల పదార్థాలతో కూడా తయారు చేస్తున్నారని చదివాను. అవి ఇట్టే అంటుకోవా? రసాయనాలేవీ కలపకుండా వాటిని నిప్పుకు తట్టుకునేలా చేయడం సాధ్యమేనా?

జవాబు: మీ అనుమానం సబబే. ఫోమ్‌లో అధికభాగం కదలిక లేని గాలి కాబట్టే వేడి దానిని సులభంగా దాటలేదు. అయితే ఆ గుణమే అగ్నిప్రమాదంలో ఎదురుతిరుగుతుంది. మంట సోకిన చోట వేడి లోపలికి ఇంకే దారి లేక, పైపొర క్షణాల్లో కాగి, మండే వాయువులను వెలువరిస్తుంది.

మొక్కల నుంచి వచ్చినంత మాత్రాన ఈ తీరు మారదు. ఆముదంలో దాదాపు 90 శాతం ఉండే రిసినోలిక్ ఆమ్లానికి హైడ్రాక్సిల్ సమూహం (ఇతర రసాయనాలతో బంధానికి కొక్కెంలా పనికొచ్చే ఆక్సిజన్-హైడ్రోజన్ జంట) సహజంగానే ఉన్నందువల్ల, సోయా నూనెకు ముందుగా చేయవలసిన రసాయనిక మార్పులు లేకుండానే ఆముదంతో పాలియూరిథేన్ అనే ప్లాస్టిక్ ఫోమ్ చేయవచ్చు. కానీ నూనెతో చర్య జరిపి ఫోమ్‌గా మార్చేందుకు అందులో కలిపే ఐసోసైనేట్ అనే రసాయనం సాధారణంగా పెట్రోలియం నుంచే వస్తుంది. ఆ ఫోమ్ మండితే మామూలు పాలియూరిథేన్ లాగే కార్బన్ మోనాక్సైడ్‌ను, హైడ్రోజన్ సయనైడ్‌ను వదులుతుంది. దానిని మొక్కల ఫోమ్ అని పిలవడం, నా దృష్టిలో, సగం నిజమే.

అసలు కిటుకు బొగ్గుపొరలో ఉంది. వేడి తగలగానే పదార్థం వాయువుగా మారిపోకుండా గట్టి బొగ్గుగా మారితే, ఆ పొర కింది భాగానికి కవచమవుతుంది. చెట్ల బెరడు నుంచి తీసే టానిన్, పంట వ్యర్థాల నుంచి వచ్చే ఫర్ఫ్యురైల్ ఆల్కహాల్ ఆమ్ల సమక్షంలో కలిసి గట్టిపడే ఫోమ్ ఇందుకు చక్కని ఉదాహరణ. బర్నర్ మంట పెట్టినప్పుడు అది ఎర్రగా కణకణలాడుతుందే తప్ప కరిగి బొట్లుగా కారదు. మంట తీసేస్తే తనంతట తానే ఆరిపోతుంది. రసాయనాలు అదనంగా కలపకుండా అన్న మీ షరతుకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది ఇదే, కాకపోతే పెళుసు.

మొక్కల నారలోని ముఖ్య పదార్థమైన సెల్యులోజ్‌తో చేసే ఫోమ్‌కు మాత్రం సాయం కావాలి. తవుడులోనూ గింజల్లోనూ ఉండే ఫైటిక్ ఆమ్లంలో బరువు ప్రకారం సుమారు 28 శాతం భాస్వరం ఉంటుంది. వేడికి అది సెల్యులోజ్‌లోని నీటి అంశాన్ని లాగేసి, బొగ్గు ఎక్కువగా మిగిలేలా చేస్తుంది. సెల్యులోజ్‌తో ఇంకో చిక్కు, మంట ఆరినా లోపల నివురుగప్పిన నిప్పులా రాజుకుంటూ ఉండడం. ఇందుకు కలిపే బోరాన్ పదార్థాల్లో బోరాక్స్ మంట పాకడాన్ని తగ్గిస్తే, బోరిక్ ఆమ్లం ఈ రాజుకోవడాన్ని అణచివేస్తుంది. అందుకే రెండింటినీ కలిపి వాడతారు. అయితే బోరిక్ ఆమ్లం సంతానోత్పత్తికి హానికరమైన పదార్థాల వర్గంలో ఉంది కనుక, దాని పొడిని పీల్చకుండా జాగ్రత్త పడాలి. ఒకప్పుడు పాలిస్టైరీన్ ఫోమ్‌లో విరివిగా కలిపిన హెచ్‌బీసీడీ అనే బ్రోమిన్ రసాయనాన్ని 2013లో స్టాక్‌హోమ్ ఒప్పందం (ప్రకృతిలో చాలాకాలం నిలిచే హానికర రసాయనాలపై అంతర్జాతీయ ఒప్పందం) నిషేధిత జాబితాలో చేర్చింది. ప్రత్యామ్నాయాల వెతుకులాటకు అదీ ఒక కారణం.

ఫోమ్ కొనేటప్పుడు ఒక సంగతి తప్పక అడగండి. బోరాక్స్, ఫైటిక్ ఆమ్లం నీటిలో కరుగుతాయి. వాటిని పదార్థానికి గట్టిగా బంధించకపోతే తేమకు క్రమంగా బయటకు వచ్చేస్తాయి. కాబట్టి అగ్నిపరీక్ష ఫలితం కొత్త నమూనాదా, తేమలో కొంతకాలం ఉంచిన నమూనాదా అన్నది తెలుసుకోండి.