బ్యాంకాక్‌లో ఒక్క రోజు: బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

బుజ్జీ,

నిన్న మీ అమ్మ నువ్వు పంపిన లిస్టు ఫోన్‌లో చదివి వినిపించింది. బ్యాంకాక్‌లో నీకున్నది ఒక్క రోజు, లిస్టులో ఉన్నవి పదిహేడు చోట్లు. అందులో పదమూడు కొట్టెయ్యి తల్లీ. లేసు ఎగ్జిబిషన్ల పని మీద నేను ఆ ఊరు మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి నేనూ నీలాగే పొద్దున్నే పరుగు మొదలుపెట్టాను, రాత్రికి కాళ్ల నొప్పులు తప్ప ఏమీ మిగల్లేదు. మూడోసారి మాత్రం పొద్దున్నించి చీకటి పడేదాకా నది ఒడ్డు వదల్లేదు, ఆ రోజు ఏ గంటకి ఎక్కడున్నానో ఇప్పటికీ చెప్పగలను.

నువ్వు నరసాపురం పిల్లవి, వశిష్ట రేవులో పంటెక్కి సఖినేటిపల్లి వెళ్లొచ్చిన దానివి, నీకు నది కొత్త కాదు. అక్కడి నది పేరు చావ్ ఫ్రయా. నదిని వాళ్లు మే నామ్ అంటారు. మే అంటే అమ్మ, నామ్ అంటే నీళ్లు. ఆ మాట తెలిసినప్పుడు నాకు మన గోదారి ఒడ్డునే నిలబడ్డట్టు అనిపించింది. సముద్రం దగ్గరే కాబట్టి పోటు అక్కడిదాకా వస్తుంది, మన కాలవల్లో ఉండే గుర్రపుడెక్కే అక్కడా గుంపులు గుంపులుగా కొట్టుకుపోతూ ఉంటుంది. పొద్దున కిందికి పోయిన గుంపు మధ్యాహ్నం పోటుకి మళ్లీ పైకి రావడం కూడా చూశాను.

పెద్ద బ్యాగు హాస్టల్లోనే వదిలెయ్యి. ఒక గుడ్డ సంచీలో నీళ్ల సీసా, చున్నీ, పాస్‌పోర్టు జిరాక్సు పెట్టుకుంటే చాలు. గుళ్లలోకి వెళ్లాలంటే భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి, చెప్పులు పదిసార్లు విప్పాల్సి వస్తుంది కాబట్టి లేసులు కట్టుకునే బూట్లు వద్దు. ఇంకో మాట, అక్కడ దిగడానికి మూడు రోజుల ముందు నుంచి వాళ్ల అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపొచ్చు, 2025 మే నుంచి అది తప్పనిసరి చేశారు. ఎయిర్‌పోర్టులో చూసుకుందాంలే అనుకోకు.

పొద్దున్నే, ఎండ ముదరకముందే పాక్ ఖ్లోంగ్ పూల మార్కెట్‌కి వెళ్లు. ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుంది. మన కడియపులంక పూల మార్కెట్ చూసిన కళ్లకి బంతిపూల గుట్టలు కొత్తేం కాదు. నువ్వు దండలు కట్టే ఆడవాళ్ల దగ్గర ఆగు. నేను అక్కడ గంటకు పైగా నిలబడిపోయాను. లేసు అల్లిన చేతులు కదా, ఇంకో చేతి పని కనబడితే నాకు అడుగు ముందుకు పడదు. జానెడు పొడవున్న సూదికి మల్లెమొగ్గలు చుట్టూ వరసలు వరసలుగా గుచ్చుతారు, సూది నిండాక మొత్తం ఒక్కసారిగా దారంలోకి జారుస్తారు. ఎక్కడా ఒక్క మొగ్గ పక్కకి తిరగదు. ఆ దండల్లో తెల్లజిల్లేడు కూడా ఉంటుంది. మనం ఆంజనేయస్వామికి వేసే జిల్లేడే, వాళ్లు దాన్ని డోక్ రక్ అంటారు, అంటే ప్రేమ పువ్వు. పక్కనే తామరమొగ్గల రేకులు ఒక్కొక్కటీ లోపలికి మడిచి పెడుతుంటారు. ఫోటో తీసే ముందు ఒక చిన్న దండ కొనుక్కో, వాళ్లు పనిలో ఉన్నారు మరి.

అక్కడి నుంచి వాట్ ఫో గుడికి నడిచే వెళ్లొచ్చు, పావుగంట, ఇరవై నిమిషాలు. పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు. అందరూ ముఖం దగ్గర ఫోటో దిగి వెళ్లిపోతారు, నువ్వు పాదాల దాకా వెళ్లు. అరికాళ్ల మీద ముత్యపుచిప్పతో 108 శుభచిహ్నాలు పొదిగారు. విగ్రహం వెనక గోడ పొడుగునా 108 కంచు గిన్నెలుంటాయి, జనం వరసగా చిల్లర వేసుకుంటూ పోతారు. కాసేపు కళ్లు మూసుకుని ఆ టింగు టింగు మనే చప్పుడు విను.

ఆ చుట్టుపక్కలే ఎవరో ఒకరు నవ్వుతూ పలకరించి, "ఈ రోజు ప్యాలెస్ మూసేశారు, వేరే గుడి చూపిస్తాను, ఆటోకి ఇరవై బాట్లే" అంటారు (బాటు అంటే వాళ్ల డబ్బు). ఎక్కకు. నేను ఎక్కాను. ఆ టుక్‌టుక్ నన్ను తీసుకెళ్లి రాళ్ల నగలు అమ్మే షాపులో దింపింది, ఏమీ కొనకపోయినా సగం రోజు పోయింది. మూసేశారో లేదో గేటు దగ్గరికి వెళ్లి నువ్వే చూసుకో. అసలు ఒక్క రోజే ఉన్నప్పుడు గ్రాండ్ ప్యాలెస్ లోపలికి వద్దనే అంటాను. 500 బాట్ల టికెట్టు, ఊపిరాడని జనం, దానికే ఒక పూట కావాలి.

వాట్ ఫో పక్కనే థా తియెన్ రేవు. అక్కడ దాటు పడవెక్కితే అవతలి ఒడ్డున వాట్ అరుణ్ గుడి. మన అరుణుడి పేరే. గోపురం నిండా పింగాణీ ముక్కలు పూల ఆకారంలో అతికారు, దూరం నుంచి బూడిదరంగు రాయిలా ఉంటుంది, దగ్గరికి వెళ్తేనే రంగులు తెలుస్తాయి.

మధ్యాహ్నం ఎండలో తిరగొద్దు. ఎక్కడన్నా నీడ చూసుకుని కూర్చుని తిను. కారం వద్దంటే మై ఫెట్ అనాలి, నీకు ఆ అవసరం రాదనుకో. దాదాపు ప్రతి కూరలోనూ చేపల సాసు పడుతుంది, నీకైతే పర్వాలేదు, నీతో వచ్చే స్నేహితురాలు శాకాహారి అంటున్నావు కాబట్టి తనకి జే (అంటే శాకాహారం) అని రాసిన పసుపు జెండా కొట్టు వెతికిపెట్టు. కొబ్బరిపాలు పోసిన మామిడిపండు అన్నం మాత్రం ఇద్దరూ తినండి.

తిన్నాక నారింజ జెండా లాంచీ ఎక్కి నది మీద పైకి, నొంతబురి అనే ఊరి దాకా వెళ్లు. నేను వెళ్లినప్పుడు ఎంత దూరానికైనా 16 బాట్లే. టూరిస్టు బోటు టికెట్టు చేతిలో పెట్టబోతారు, అది ఖరీదు, నారింజదే అడుగు. లాంచీ వెనక నిలబడ్డ కుర్రాడు ఈలల మీదే రేవుకి ఎంత దగ్గరగా రావాలో డ్రైవరుకి చెబుతాడు. కండక్టరు పొడుగాటి రేకు గొట్టంలో చిల్లర గలగలలాడిస్తూ వస్తుంది, చిల్లర ముందే తీసి పెట్టుకో. లాంచీ రేవులో నిమిషం కూడా ఆగదు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఫోన్ చూడకు. బౌద్ధ సన్యాసులకి వేరే చోటు ఉంటుంది, అక్కడ కూర్చోకు, ఆడవాళ్లు వాళ్లని పొరపాటున కూడా తాకకూడదు. గంట ప్రయాణంలో పెద్ద పెద్ద హోటళ్లు అయిపోయి చెక్క ఇళ్లు వస్తాయి, మెట్లు నీళ్లలోకి దిగి ఉంటాయి, గిన్నెలు తోముకునేవాళ్లు కనబడతారు. ఆ రోజంతటికీ నాకు అదే ఎక్కువ నచ్చింది.

ఆరుకల్లా థా తియెన్ ఒడ్డుకి వచ్చెయ్యి, వాట్ అరుణ్ వెనక పొద్దు వాలుతుంది. ఆరింటికి ఎక్కడన్నా జాతీయగీతం వినబడి జనం ఆగిపోతే నువ్వూ ఆగు. రాజుగారి గురించి సరదాకి కూడా ఒక్క మాట అనొద్దు, అక్కడి చట్టం చాలా కఠినం.

చీకటి పడ్డాక హాస్టల్‌కి మీటరు టాక్సీలోనో, యాప్‌లోనో వెళ్లండి. చేరగానే మీ అమ్మకి ఫోన్ చెయ్యి. అక్కడ తొమ్మిదైతే మనకి ఏడున్నర, ఆవిడ ఫోన్ చేతిలో పట్టుకుని అరుగు మీదే కూర్చుని ఉంటుంది. నేనూ పక్కనే ఉంటాను, ఆ జిల్లేడు దండ ఫోటో నాకు పంపు.

మీ పెద్దమ్మ
నరసాపురం