పైథాన్‌లో 25/12/2023 అనే టెక్స్ట్‌ని 2023-12-25 లాగా ఎలా మార్చాలి?

టెక్స్ట్ నుంచి టెక్స్ట్‌కి డైరెక్ట్‌గా మార్చాలని చూడకండి, ముందు దాన్ని డేట్‌టైమ్ ఆబ్జెక్ట్ (పైథాన్ తేదీగా, సమయంగా గుర్తించే విలువ) చేసుకోవాలి, ఆ తర్వాతే కావాల్సిన ఫార్మాట్‌లో బయటికి తీయాలి. మొదటి పనికి స్ట్రిప్‌టైమ్ (strptime, పేరులో పి అంటే పార్స్, అంటే టెక్స్ట్‌ని చదివి అర్థం చేసుకోవడం), రెండో దానికి స్ట్రిఫ్‌టైమ్ (strftime, ఎఫ్ అంటే ఫార్మాట్), ఇలా గుర్తుపెట్టుకుంటే ఇక తికమక ఉండదు.

అందరూ ఇరుక్కునేది మాత్రం ఫార్మాట్ కోడ్స్ (తేదీలో ఏ భాగం ఎక్కడుందో చెప్పే గుర్తులు) దగ్గర. పర్సెంట్ పక్కన చిన్న ఎమ్ అంటే నెల, పెద్ద ఎమ్ అంటే నిమిషాలు. మీ డేట్‌కి నెల ఉన్న చోట పొరపాటున పెద్ద ఎమ్ పెట్టారనుకోండి, ఎర్రర్ ఏమీ రాదు, 12ని నిమిషాలుగా తీసుకుని నెల చెప్పలేదు కదా అని జనవరి వేసేసి 2023 జనవరి 25, 00:12 అని ఇస్తుంది, అసలు ప్రమాదం ఇదే, ఎర్రర్ వచ్చినా బాగుండేది. సంవత్సరానికి 4 అంకెలుంటే పెద్ద వై, 2 ఉంటే చిన్న వై.

యూనిక్స్ టైమ్‌స్టాంప్ (1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల సంఖ్య) అయితే ఫ్రమ్‌టైమ్‌స్టాంప్ వాడండి, కానీ టైమ్‌జోన్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని తప్పకుండా ఇవ్వండి, లేకపోతే ఆ మెషీన్ లోకల్ టైమ్ వస్తుంది. 1000000000 ఇచ్చి చూడండి, 2001 సెప్టెంబర్ 9, 01:46:40 రావాలి. జావాస్క్రిప్ట్ నుంచి వచ్చిన నంబరైతే అది మిల్లీసెకన్లలో ఉంటుంది, ముందు 1000తో భాగించండి.